చలి మనిషికి ఒకలా, ఆకుకు ఒకలా: లంబసింగి అంకెల వెనకున్న వేడి లెక్క

డిసెంబరు వచ్చిందంటే టీవీ స్క్రోలింగుల్లోకి లంబసింగి వచ్చేస్తుంది. ఒక ఛానల్ 4 డిగ్రీలంటుంది. ఫోన్‌లో యాప్ 9 చూపిస్తుంది. అక్కడికెళ్లినవాళ్లు పంపిన ఫొటోలో కారు అద్దం మీద తెల్లటి పొర గడ్డకట్టి కనిపిస్తుంది. నీళ్లు గడ్డకట్టేది సున్నా దగ్గర కదా, 4 డిగ్రీల్లో ఆ పొర ఎలా వచ్చింది? అంకె తప్పని కొందరు, ఫొటో పాతదని కొందరు వాట్సాప్ గ్రూపుల్లో వాదించుకుంటారు. చాలాసార్లు రెండూ నిజమే అయ్యుంటాయి.

ఇంకో చిక్కు కూడా ఉంది. గాలి కోసేస్తున్న రాత్రి మనం వణికిపోతాం, తెల్లారి చూస్తే తోటకేమీ కాదు. గాలి ఆగి, చుక్కలు నిగనిగలాడుతున్న రాత్రి మనకు చలి కాస్త ఓర్చుకునేలానే ఉంటుంది, ఆకులు మాత్రం మాడిపోతాయి. మనకు చలి వేయడం, మొక్క గడ్డకట్టడం ఒకే దారిలో నడవవు. ఎందుకు నడవవో తేలాలంటే వేడి ఒకచోటి నుంచి ఇంకోచోటికి ఎలా పోతుందో చూడాలి.

ఇంతకీ థర్మామీటర్ ఎక్కడుంది?

వాతావరణ శాఖ చెప్పే కనిష్ఠ ఉష్ణోగ్రత నేలది కాదు, రోడ్డుది కాదు, మన ఒంటిది అసలే కాదు. అది గాలిది. తెల్లరంగు వేసిన, చుట్టూ సందులున్న చెక్కపెట్టెలో, నేలకు మీటరుంబావు నుంచి రెండు మీటర్ల ఎత్తున థర్మామీటర్ ఉంచుతారు. ఆ పెట్టె పేరు స్టీవెన్‌సన్ స్క్రీన్. లోపలున్న థర్మామీటర్‌కు ఎండ తగలకూడదు, ఆకాశం కనబడకూడదు, గాలి మాత్రం ఆడాలి. అన్ని ఊళ్లలో ఒకే పద్ధతి పాటిస్తేనే ఆదిలాబాద్ అంకెను ఢిల్లీ అంకెతో పోల్చగలం.

మబ్బు లేని, గాలి లేని రాత్రి నేలను ఆనుకున్న గడ్డి ఆ పెట్టెలోని గాలికన్నా 3 నుంచి 5 డిగ్రీలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ చల్లబడుతుంది. వాతావరణ కేంద్రాల్లో గడ్డి ఎత్తులో వేరే థర్మామీటర్ పెట్టి దాన్నీ కొలిచే పద్ధతి ఉంది. వార్తల్లోకి వచ్చేది మాత్రం పెట్టెలోని అంకే. నేలను ఆనుకున్న గడ్డి, ఆకులు సున్నాకు దిగితే దాన్ని నేల మీది ఫ్రాస్ట్ అంటారు. పెట్టెలోని గాలే సున్నాకు దిగితే గాలి ఫ్రాస్ట్. లంబసింగి ఫొటోల్లో కనిపించేది ఎక్కువగా మొదటిది. పైనుంచి కురిసే హిమపాతం సంగతి వేరు, దానికి మేఘాలు కావాలి.

యాప్‌ది మరో కథ. అది ఆ ఊళ్లో కొలిచిన అంకె కాకపోవచ్చు. కంప్యూటర్ నమూనా కొన్ని కిలోమీటర్ల గడికి సగటున వేసిన అంచనా అయ్యుండొచ్చు. కొండల మధ్య కిలోమీటరు వెడల్పున్న లోయ ఆ గడిలో కలిసిపోతుంది. తెలంగాణలో భారత వాతావరణ శాఖ కేంద్రాలతో పాటు రాష్ట్ర ప్రణాళికా విభాగం మండలాల్లో పెట్టిన ఆటోమేటిక్ కేంద్రాలూ ఉన్నాయి. అందుకే ‘రాష్ట్రంలో అత్యల్పం’ అంటూ ఒకే రోజు రెండు అంకెలు చూస్తుంటాం. రెండూ వేర్వేరు చోట్ల తీసినవి, అంతే.

చర్మానికి అంకెలు తెలియవు

ఉష్ణోగ్రత అంటే ఒక వస్తువు ఎంత వేడిగా ఉందో చెప్పే స్థాయి. ఉష్ణం అంటే ఎక్కువ స్థాయి నుంచి తక్కువ స్థాయికి ప్రవహించే శక్తి. థర్మామీటర్ మొదటిదాన్ని కొలుస్తుంది. మన చర్మం ఎక్కువగా రెండోదానికి స్పందిస్తుంది. చర్మంలోని నాడీకొనలు గమనించేది తమ సొంత ఉష్ణోగ్రతనే, అది ఎంత వేగంగా మారుతోందో కూడా పట్టించుకుంటాయి. మిరపకాయ కారంలోని క్యాప్సైసిన్‌ను ఆసరా చేసుకుని ఈ వేడి గ్రాహకాలను కనిపెట్టినందుకు డేవిడ్ జూలియస్‌కు, స్పర్శ గ్రాహకాలపై చేసిన పనికి ఆర్డెమ్ పటపూటియన్‌కు 2021లో నోబెల్ ఇచ్చారు. చల్లదనాన్ని పసిగట్టే గ్రాహకాన్ని మెంథాల్ కూడా కదిలిస్తుంది. నొప్పి బామ్ రాసుకుంటే ఒక్క డిగ్రీ కూడా తగ్గకుండానే చల్లగా అనిపించేది అందుకే.

జనవరి పొద్దున వంటగదిలోకి వెళ్లి స్టీలు గిన్నెను ఒక చేత్తో, చెక్కపీటను ఇంకో చేత్తో ముట్టుకోండి. గిన్నె జిల్లుమంటుంది, పీట మామూలుగా ఉంటుంది. రాత్రంతా ఒకే గదిలో ఉన్నాయి కాబట్టి రెండింటి ఉష్ణోగ్రతా ఒకటే, 20 డిగ్రీలనుకుందాం. చేతి చర్మం 33 డిగ్రీలు. ముట్టుకున్న క్షణంలో రెండింటి మధ్య ఒక ఉష్ణోగ్రత కుదురుతుంది. అది ఎటువైపు మొగ్గుతుందనేది ఆ వస్తువు వేడిని ఎంత త్వరగా లాక్కుని తనలో దాచుకోగలదన్న దాని మీద ఉంటుంది. వేడిని ప్రసరింపజేసే గుణం, సాంద్రత, విశిష్టోష్ణం (కిలో వస్తువును ఒక డిగ్రీ వేడెక్కించడానికి కావాల్సిన వేడి) ఈ మూడూ గుణించి వర్గమూలం తీస్తే ఆ బలం అంకెల్లో వస్తుంది. చర్మానికి సుమారు 1,200, టేకు చెక్కకు 450, గ్రానైట్‌కు 2,400, స్టెయిన్‌లెస్ స్టీలుకు 7,700.

లెక్క వేస్తే చెక్కను తాకిన చోట చర్మం దాదాపు 29 డిగ్రీల దగ్గర ఆగుతుంది, గ్రానైట్ గట్టు మీద 24 దగ్గర, స్టీలు మీద 22 దగ్గర. చేతికి తెలిసేది ఈ 29, 22ల తేడానే. గిన్నె చల్లగా ఉందని మనం అంటున్నామంటే, గిన్నె మన వేడిని గబగబా లాగేస్తోందన్నమాట.

ఇదే లెక్కను మే నెల మధ్యాహ్నానికి తిప్పండి. ఎండలో 60 డిగ్రీలకు కాగిన స్టీలు గేటు గడియను పట్టుకుంటే తాకిన చోట 56, చర్మం కాలుతుంది. అదే ఎండలో అంతే కాగిన చెక్క తలుపు మీద 40, చెయ్యి వేడెక్కుతుంది గానీ పట్టుకోగలం. చలికాలం మరీ చల్లగా అనిపించిన వస్తువే ఎండాకాలం మరీ వేడిగా అనిపించడంలో వింతేమీ లేదు. వేడి నడిచే దిక్కు మారింది, వస్తువు గుణం అలాగే ఉంది. వేడి పోయే మొదటి దారి ఇదే, పుస్తకాల్లో దీన్ని ఉష్ణవహనం అంటారు.

గాలి తగిలితే పోయేది ఎంత?

రెండో దారి ఉష్ణసంవహనం, అంటే కదిలే గాలి, నీరు మోసుకుపోయే వేడి. గాలి ఆడనప్పుడు మన ఒంటి చుట్టూ పలుచటి వెచ్చని పొర నిలుస్తుంది. గాలి వీస్తే ఆ పొర చెదిరి, దాని స్థానంలోకి కొత్త చల్లగాలి వస్తూనే ఉంటుంది. స్వెటర్ పని ఆ పొరను పట్టి ఉంచడమే. అల్లికలో సందులున్న స్వెటర్ ఇంట్లో బాగా పనిచేసి బైకు మీద చతికిలబడుతుంది. దాని మీద పలుచటి విండ్‌చీటర్ వేస్తే మళ్లీ లేచి కూర్చుంటుంది.

8 డిగ్రీల చలిలో గంటకు 40 కిలోమీటర్ల వేగంతో బైకు నడిపేవారి మొహానికి 3 డిగ్రీల చలి తగిలినట్టుంటుంది. ఇది 2001 నుంచి అమెరికా, కెనడాలు వాడుతున్న విండ్ చిల్ సూత్రం ప్రకారం వేసిన లెక్క. యాప్‌లలో ‘ఫీల్స్ లైక్’ అనే అంకె ఇలాంటి సూత్రాల నుంచే వస్తుంది. దీన్ని తీసిపారేసేవాళ్లూ ఉన్నారు. ఒక్కో యాప్ ఒక్కో సూత్రం వాడుతుందనీ, ఎండలో ఉన్నామా నీడలో ఉన్నామా, లావుగా ఉన్నామా బక్కగా ఉన్నామా అన్నది లెక్కలోకే రాదనీ వాళ్ల అభ్యంతరం. అది న్యాయమే. ఆ సూత్రం ఎదురుగాలిలో నడుస్తున్న ఒక పెద్దమనిషి మొహాన్ని ఊహించుకుని రాసింది, పైగా 10 డిగ్రీలు, అంతకు తక్కువ ఉష్ణోగ్రతలకే వర్తిస్తుంది. అయినా పొద్దున్నే పాలక్యాన్లతో బైకు మీద బయల్దేరేవారికి థర్మామీటర్ అంకెకన్నా ఇదే ఎక్కువ పనికొస్తుందని నా ఉద్దేశం. అందరికీ ఒకే అంకె అని నమ్మకుండా ఉంటే చాలు.

గాలి చెమటను కూడా ఆరబెడుతుంది. ఒక గ్రాము నీరు ఆవిరవ్వడానికి సుమారు 2,400 జౌళ్ల వేడి కావాలి, అది చర్మం నుంచే పోతుంది. ఫ్యాన్ గదిని చల్లబరచదు, మనల్ని చల్లబరుస్తుంది. ఎవరూ లేని గదిలో ఫ్యాన్ తిరిగితే మోటారు వేడికి గది ఇంకాస్త వేడెక్కుతుంది కూడా. రెంటచింతలలో 44 డిగ్రీల పొడిగాలిలో చెమట పట్టిన క్షణంలోనే ఆరిపోతుంది. విజయవాడ ఉక్కపోతలో 38 దగ్గరే ఆరక ఒంటికి అతుక్కుంటుంది. అంకె తక్కువున్న ఊళ్లోనే ఎక్కువ ఇబ్బంది పడుతున్నామని బెజవాడవాళ్లు అంటే అతిశయోక్తి అనలేం.

గాలి ఎంత గట్టిగా వీచినా ఏ వస్తువునూ తనకన్నా చల్లగా చేయలేదు, ఆ వస్తువు తడిగా ఉంటే తప్ప. 5 డిగ్రీల గాలిలో ‘ఫీల్స్ లైక్’ సున్నా అని యాప్ చూపించినా బకెట్లో నీళ్లు గడ్డకట్టవు, ఆకు గడ్డకట్టదు. విండ్ చిల్ చదివి పంట గురించి టెన్షన్ పడేవాళ్లు ఇక్కడే పొరబడుతుంటారు.

ఆకాశంలోకి పోయే వేడి

మూడో దారి ఉష్ణవికిరణం. ప్రతి వస్తువూ కంటికి కనపడని పరారుణ కిరణాల రూపంలో వేడిని వదులుతూనే ఉంటుంది, ఎదురుగా ఉన్నవాటి నుంచి తీసుకుంటూనే ఉంటుంది. 33 డిగ్రీల చర్మం చదరపు మీటరుకు దాదాపు 500 వాట్లు వదులుతుంది. చుట్టూ ఉన్న గోడలు 15 డిగ్రీలుంటే 390 తిరిగి ఇస్తాయి. తేడా 110 వాట్లు. గదిలో గాలి వెచ్చగానే ఉన్నా చల్లటి రాతిగోడ పక్కన పడుకుంటే ఒళ్లు జివ్వుమనేది ఈ తేడా వల్లే. ఎండాకాలం రాత్రి కాంక్రీటు స్లాబు కింద పై అంతస్తులో ఉడికిపోయేదీ ఇందుకే.

ఇప్పుడు బయటికొద్దాం. 5 డిగ్రీలున్న నేల రాత్రిపూట చదరపు మీటరుకు 340 వాట్లు పైకి పంపుతుంది. పైన గోడ లేదు, ఆకాశం ఉంది. మబ్బు లేని, తేమ తక్కువున్న చలికాలపు ఆకాశం తిరిగి ఇచ్చేది 250, 260 వాట్లే. నికరంగా 80 పైన పోతుంది. కిందిమబ్బులు కమ్మితే అవి 320 దాకా తిరిగి ఇస్తాయి, నష్టం 20కి పడిపోతుంది. బంగాళాఖాతంలో అల్పపీడనం పట్టి మబ్బులొచ్చిన రోజు కోస్తాలో రాత్రి చలి ఒక్కసారిగా తగ్గుతుంది. ఆ మబ్బే పగలు ఎండను ఆపి చలి పెంచుతుంది. ‘మబ్బుంటే చలి ఎక్కువ’ అనేవాళ్లూ, ‘మబ్బుంటే చలి తక్కువ’ అనేవాళ్లూ ఇద్దరూ చెప్పేది నిజమే, ఒకరు పగటి సంగతి చెబుతున్నారు, ఇంకొకరు రాత్రిది.

ఈ నష్టం సాయంత్రమే మొదలై తెల్లవార్లూ సాగుతుంది. సూర్యుడు పైకొచ్చి నేలకు అందే వేడి పోయే వేడిని దాటేదాకా నేల చల్లబడుతూనే ఉంటుంది. కనిష్ఠ ఉష్ణోగ్రత అర్ధరాత్రి కాకుండా పొద్దుపొడిచే వేళ నమోదయ్యేది అందుకే.

ఆకాశానికి వేడి పోగొట్టుకుని గాలికన్నా చల్లబడటం మన దేశంలో ఒకప్పుడు వ్యాపారం. 1775లో రాబర్ట్ బార్కర్ అనే ఆంగ్లేయ సైనికాధికారి అలహాబాద్ ప్రాంతంలో ఐసు తయారుచేసే తీరును లండన్ రాయల్ సొసైటీ పత్రికకు రాశాడు. లోతు తక్కువ గుంటలు తవ్వి, వాటిలో ఎండిన చెరకు ఆకో మొక్కజొన్న చొప్పో పరిచి, మీద పలుచటి మట్టిమూకుళ్లలో నీళ్లు పోసి రాత్రంతా ఉంచేవారు. గాలి సున్నాకు దిగకపోయినా తెల్లారేసరికి మూకుళ్లలో ఐసు పేరుకునేది. నేల నుంచి వచ్చే వేడిని చొప్ప ఆపింది, మట్టి గోడల్లోంచి కాస్త నీరు ఆవిరై కొంత సాయం చేసింది, మిగతా వేడిని ఆకాశం లాక్కుంది. మబ్బు లేని, నిశ్చలమైన రాత్రులే ఆ పనికి బాగుండేవి.

ఒకే గాలి, రెండు ఫలితాలు

ఇప్పుడు మొదట చెప్పిన చిక్కుముడి విప్పొచ్చు. అంకెలను గుండ్రంగా తీసుకుందాం. నిశ్చలంగా ఉన్న గాలి, ఒక చదరపు మీటరు ఉపరితలంతో ఒక్కో డిగ్రీ తేడాకు 8 వాట్ల వేడిని మార్చుకుంటుందనుకోండి. ఓ మాదిరి గాలి వీస్తే అది 20 వాట్లవుతుంది. గాలి ఉష్ణోగ్రత 3 డిగ్రీలు.

మనిషి చర్మం 33. తేడా 30 డిగ్రీలు. నిశ్చలంగా ఉంటే పోయేది 240 వాట్లు, వీస్తే 600 వాట్లు. గాలి వీచిన రాత్రి మన పరిస్థితి రెండున్నర రెట్లు అధ్వానం.

ఆకుకు రెండు ముఖాలు కాబట్టి దానికి గాలితో 16, 40 వాట్ల చొప్పున మార్పిడి. దాని నుంచి ఆకాశానికి నికరంగా 80 వాట్లు పోతున్నాయి. ఆ లోటును గాలే పూడ్చాలి. నిశ్చలమైన రాత్రి 80ని 16తో భాగిస్తే 5, ఆకు గాలికన్నా 5 డిగ్రీలు చల్లబడితే గానీ లెక్క సరిపోదు. అంటే మైనస్ 2. గాలి వీస్తే 80ని 40తో భాగించాలి, 2 డిగ్రీలే తేడా. ఆకు 1 డిగ్రీ దగ్గర నిలబడుతుంది. గడ్డకట్టదు.

మనిషి ఒంట్లో పొయ్యి ఉంది, ఖాళీగా కూర్చున్నా సుమారు 100 వాట్లు మండుతూనే ఉంటుంది. అందుకే చలి రాత్రుల్లో మనం గాలికన్నా ఎప్పుడూ వెచ్చన, గాలి మన దగ్గర వేడి దోచుకుంటుంది. ఆకులో పొయ్యి లేదు. ఆకాశం దాన్ని గాలికన్నా చల్లబరిస్తే, అదే గాలి వచ్చి వేడి ఇచ్చి కాపాడుతుంది.

మంచుబొట్లు, తెల్లమంచు, కనపడని మంచు

గాలిలోని తేమ నీటిబొట్లుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రతను డ్యూ పాయింట్ అంటారు. పొద్దున్నే బైకు సీటు తడిసి ఉంటుంది, వేపచెట్టు కింద పెట్టిన బైకు పొడిగా ఉంటుంది. మంచు పైనుంచి కురుస్తుంది కాబట్టి చెట్టు ఆపిందని చాలామంది అనుకుంటారు. నిజానికి చెట్టు ఆపింది బైకుకూ ఆకాశానికీ మధ్య జరిగే వేడి మార్పిడిని. సీటు డ్యూ పాయింట్ దాకా చల్లబడలేదు, బొట్లు పట్టలేదు. 1814లో లండన్ వైద్యుడు విలియం చార్లెస్ వెల్స్ ఈ సంగతి తేల్చాడు. ఒక పలక పైనా కిందా ఉన్ని పోగులు ఉంచి, తెల్లారి తూచి చూస్తే పైదానికే ఎక్కువ తేమ పట్టింది.

రెండు సాయంత్రాలు పోల్చి చూద్దాం. రెండింటిలోనూ గాలి 14 డిగ్రీలు, మబ్బు లేదు. మొదటి రోజు డ్యూ పాయింట్ 9, రెండో రోజు మైనస్ 1. మొదటి రోజు నేల 9కి దిగగానే బొట్లు పట్టడం మొదలవుతుంది. ఆవిరి నీరైనప్పుడు దానిలో దాగిన వేడి (గుప్తోష్ణం) బయటపడుతుంది కాబట్టి అక్కడి నుంచి చల్లబడటం నెమ్మదిస్తుంది, పొగమంచు కమ్మితే ఇంకా నెమ్మదిస్తుంది. రెండో రోజు అడ్డేదీ లేదు. ఆకు సున్నా దాటి కిందికి వెళ్లాక తేమ నేరుగా మంచు పలుకులుగా పేరుకుంటుంది, అదే తెల్లమంచు. డ్యూ పాయింట్ ఇంకా తక్కువుంటే తెల్లదనమేమీ కనపడదు, ఆకులోని నీరే గడ్డకట్టి తర్వాత నల్లబడుతుంది. ఫొటోకు పనికొచ్చే తెల్లమంచుకన్నా ఈ కనపడనిది ప్రమాదం.

లంబసింగే ఎందుకు, వంజంగిలో మబ్బులు కిందెందుకు?

లంబసింగి అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి మండలంలో, సముద్రమట్టానికి దాదాపు 1,000 మీటర్ల ఎత్తున ఉంది. కిలోమీటరు పైకెళ్తే సగటున ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. విశాఖలో 17 ఉన్న రాత్రి, ఎత్తు ఒక్కటే లెక్కేస్తే లంబసింగిలో పదిన్నర ఉండాలి. 4, 5 దాకా దిగుతోందంటే మిగతా 6 డిగ్రీలు ఎత్తు వల్ల వచ్చినవి కావు. సముద్రపు తేమ అంతగా అందకపోవడం, చుక్కలు మెరిసే ఆకాశం, గాలికి చాటుగా ఉన్న లోయ కలిసి చేసిన పని అది.

చల్లబడిన గాలి బరువెక్కి, వాలు వెంబడి జారి పల్లంలో చేరుతుంది. పైన వెచ్చటి గాలి మూతపడుతుంది. మామూలుగా పైకెళ్లేకొద్దీ చల్లబడాల్సింది ఇక్కడ తలకిందులవుతుంది. పాడేరు దగ్గర వంజంగి కొండ ఎక్కినవాళ్లు పొద్దున్నే చూసే మేఘాల సముద్రం ఈ తలకిందుల అమరికే. కింద లోయ నిండా చల్లగాలి, దానిలో పొగమంచు, పైన శిఖరం మీద తేటగాలి. ఆ మబ్బుల పైభాగం గీత గీసినట్టు సమంగా ఉంటుంది, వెచ్చటి మూత మొదలయ్యేది ఇంచుమించు అక్కడే.

ఆదిలాబాద్‌కు ఆ ఎత్తు లేదు, 300 మీటర్ల లోపే. సముద్రానికి దూరం, పొడి ఉత్తరగాలులు, తేట ఆకాశం కలిసి దాన్నీ, పక్కనున్న కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లానూ ఏటా వార్తల్లో నిలబెడతాయి. హైదరాబాద్‌లో బేగంపేటకన్నా పటాన్‌చెరు, రాజేంద్రనగర్‌లలో రాత్రులు చల్లగా ఉంటాయి. నగరం నడిబొడ్డున గోడలు, రోడ్లు పగలు తాగిన వేడిని రాత్రి కక్కుతాయి, ఎత్తైన భవనాలు ఆకాశాన్ని కప్పేస్తాయి.

పంటకు ఎక్కడి నుంచి ముప్పు?

ముందు రెండు వేర్వేరు దెబ్బలను విడదీయాలి. సున్నాకు దిగితే మొక్క కణాల బయటి నీరు ముందు గడ్డకట్టి, లోపలి నీటిని పీల్చేస్తుంది. కణాలు చచ్చిపోతాయి, ఎండ తగిలాక ఆకు గోధుమరంగుకు తిరుగుతుంది. మున్నార్, ఊటీ తేయాకు తోటల్లో జనవరిలో కనిపించేది ఇదే. 1975 జూలైలో బ్రెజిల్‌లోని పరానా రాష్ట్రంలో కాఫీ తోటలు ఇలా ఒక్క దెబ్బకు నల్లబడిపోయి, ప్రపంచమంతా కాఫీ ధర మండింది. అరకు, పాడేరు కాఫీకి సిల్వర్ ఓక్ నీడ ఎండ నుంచి కాపాడటానికే అనుకుంటాం. రాత్రి ఆ కొమ్మలే ఆకాశానికీ కాఫీ ఆకుకూ మధ్య అడ్డుగా నిలబడతాయి.

రెండోది గడ్డకట్టని చలి దెబ్బ. తెలంగాణ యాసంగి నారుమళ్లలో జరిగేది ఇది. రాత్రి ఉష్ణోగ్రత 12 డిగ్రీలకన్నా తగ్గుతూ పోతే వరి నారు ఎదగదు, ఆకులు పసుపెక్కుతాయి. దీనికి ఫ్రాస్ట్ అక్కర్లేదు, మంచు కనపడనక్కర్లేదు.

వ్యవసాయ శాస్త్రవేత్తలు చెప్పే చిట్కాల వెనకా ఇదే లెక్క ఉంది. సాయంత్రం కర్రల మీద యూరియా బస్తాలతో కుట్టిన పట్టాలో పాలిథిన్ షీటో కప్పి, పొద్దున తీసేయమంటారు. అది ఆకాశానికి అడ్డు. పలుచటి పాలిథిన్ గుండా పరారుణ కిరణాలు చాలావరకు దాటిపోతాయి కాబట్టి నేసిన బస్తా దానికన్నా నయం. షీటు లోపలివైపు నీటిబొట్లు పట్టాక పాలిథిన్ కూడా మెరుగవుతుంది, నీరు ఆ కిరణాలను దాటనివ్వదు.

రాత్రి మడిలో నీరు నిలిపి, పొద్దున ఆ చల్లనీటిని తీసేసి కొత్త నీరు పెట్టమనేది ఇంకో సలహా. చదరపు మీటరులో 2 సెంటీమీటర్ల నీరంటే 20 లీటర్లు. బోరు నుంచి 25 డిగ్రీల దగ్గర వచ్చిన ఆ నీరు 15కి దిగేలోపు దాదాపు 840 కిలోజౌళ్లు వదులుతుంది. 80 వాట్ల చొప్పున 12 గంటల్లో ఆకాశానికి పోయేది సుమారు 3,460 కిలోజౌళ్లు. నాలుగో వంతు నష్టం నీరే భరించింది.

వాదన ఉన్నది పొగ మీద. పొలం గట్ల మీద చెత్త తగలబెట్టి పొగ పెడితే చలి ఆగుతుందని చాలా ప్రాంతాల్లో నమ్మకం. అనుభవం మీద చెప్పేవాళ్లను కొట్టిపారేయలేం, మంట దగ్గర కొంత వేడి నిజంగానే పుడుతుంది, లేచిన వేడిగాలి పైనున్న వెచ్చటి పొరను కిందికి కలుపుతుంది. కానీ పొగకు ఆ ఘనత దక్కదు. పొగ రేణువులు మరీ చిన్నవి, చూపును ఆపగలవు గానీ నేల వదిలే పొడవాటి తరంగాలను పెద్దగా ఆపలేవు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఫ్రాస్ట్ మీద తెచ్చిన మార్గదర్శకాలు కూడా ఇదే చెబుతాయి. పైగా పొద్దున పొగ నిలిస్తే ఎండ రావడం ఆలస్యమవుతుంది.

ఎండుగడ్డి పరచడంలోనూ ఒక మెలిక ఉంది. వేళ్లకు అది మేలే. కానీ పగలు నేల తాగిన వేడి రాత్రి పైకి రాకుండా గడ్డి అడ్డుకుంటుంది, దాంతో గడ్డిపైనున్న ఆకు మరింత చల్లబడుతుంది. బార్కర్ చూసిన గుంటల్లో చొప్ప చేసిన పని ఇక్కడ రైతుకు ఎదురుతిరుగుతుంది. నేల తడిపి, చదునుగా, కప్పకుండా వదిలేస్తే ఎక్కువ వేడి దాచుకుని ఎక్కువ తిరిగిస్తుంది.

స్ప్రింక్లర్లతో నీళ్లు చల్లడం విదేశీ పండ్లతోటల్లో మామూలే. లీటరు నీరు గడ్డకడితే 334 కిలోజౌళ్లు మొక్కకు దక్కుతాయి. అదే లీటరు ఆవిరైతే 2,500 పోతాయి. ఒక లీటరు ఆవిరైన చోట ఏడున్నర లీటర్లు గడ్డకట్టాలి, అప్పుడు గానీ లెక్క సమం కాదు. గాలి పొడిగా వీస్తున్న రాత్రి కొద్దిగా చల్లి మధ్యలో ఆపేస్తే, చల్లకుండా ఊరుకున్నదానికన్నా నష్టం ఎక్కువ.

శీతలగాలుల హెచ్చరిక ఏం చెబుతుంది?

మైదాన ప్రాంతాల్లో కనిష్ఠం 10 డిగ్రీలు లేదా అంతకన్నా తక్కువుండి, సాధారణంకన్నా నాలుగున్నర డిగ్రీలు తగ్గితే వాతావరణ శాఖ దాన్ని శీతలగాలులు అంటుంది. తేడా 6.4 డిగ్రీలు దాటితే తీవ్ర శీతలగాలులు. సాధారణంతో పని లేకుండా 4 డిగ్రీలకు దిగినా శీతలగాలులే, 2కి దిగితే తీవ్రం. సాధారణంగా 13 ఉండే చోట 8కి పడిపోతే హెచ్చరిక వస్తుంది. రోజూ 9 ఉండే చోట 6కి దిగితే రాదు, అయినా అక్కడ గాలి ఆగిన రాత్రి గడ్డి 1 డిగ్రీ దగ్గరికి జారొచ్చు.

ఈ హెచ్చరిక లెక్కగట్టేది పెట్టెలోని గాలిని, అది మామూలుకన్నా ఎంత తగ్గిందన్నదాన్ని. అందులో ఆకాశం తేటగా ఉందా, గాలి ఆడుతోందా, డ్యూ పాయింట్ ఎంత, పొలం గట్టు మీదుందా పల్లంలో ఉందా అన్నవి లేవు. ఉత్తరగాలి రాత్రంతా వీచి హెచ్చరిక వచ్చిన రోజు టమాటా తోట పచ్చగానే నిలబడొచ్చు. రెండ్రోజుల తర్వాత గాలి ఆగి, హెచ్చరిక ఎత్తేశాక, అదే తోటలో పల్లపు మూల ఆకులు మాడొచ్చు.